కళ్లెదుటి ఫైల్ సి ప్రోగ్రాంకు ఎందుకు దొరకదు?

పాట ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే పాట మొదలవుతుంది. పెళ్లి ఫొటో మీద నొక్కితే ఫొటో తెరుచుకుంటుంది. ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం విద్యార్థి పుస్తకంలో చూసి పొల్లు పోకుండా టైపు చేసిన హలో.సి మీద నొక్కితే మాత్రం విండోస్ ఎదురు ప్రశ్న వేస్తుంది: దీన్ని దేనితో తెరవాలి? నోట్‌ప్యాడ్‌తో తెరవమంటే తాను టైపు చేసిన అక్షరాలే మళ్లీ కనిపిస్తాయి. ప్రోగ్రాం నడవదు.

ముందు కంపైల్ చేయాలని ఎవరో చెబుతారు. జీసీసీ అనే కంపైలర్ దించుకుని, టెర్మినల్ తెరిచి, జీసీసీ హలో.సి అని కొడితే అలాంటి ఆజ్ఞ ఏదీ లేదంటుంది విండోస్. ఇప్పుడే కదా ఇన్‌స్టాల్ చేసింది! ఆ గండం ఎలాగో గట్టెక్కి, లూపులూ ఫంక్షన్లూ దాటి ఫైళ్ల పాఠానికి వచ్చాక మరో వింత ఎదురవుతుంది. మార్కుల ఫైల్ కళ్లెదుటే ఉంటుంది. ప్రోగ్రాం మాత్రం అలాంటి ఫైలే లేదంటుంది.

మొదటి చిక్కుకు జవాబు చిన్నదే. తర్వాతి రెండూ పైకి వేర్వేరుగా కనిపించినా లోపల ఒకటే. మనం ఒక పేరు చెబితే కంప్యూటర్ దాన్ని డిస్కంతా గాలించదు. ముందే చెప్పి ఉంచిన కొద్ది చోట్లలో చూస్తుంది, అక్కడ లేకపోతే లేదనేస్తుంది. ఆ చోట్లు ఏవి, వాటిని ఎవరు నిర్ణయిస్తారు అన్నది చాలా పాఠ్యపుస్తకాలు ఒక్క పేరాలో కూడా చెప్పవు. పాయింటర్ల దాకా రాకుండానే ఎంతోమంది పిల్లలు "ప్రోగ్రామింగ్ మనకు రాదు" అనుకునేది ఇక్కడే. అది వాళ్ల తెలివికి సంబంధించిన లోటు కానే కాదు.

సి ఫైల్‌లో ఉండేది అక్షరాలే

హలో.సి ఉత్త అక్షరాల ఫైల్. ప్రాసెసర్‌కు ఆ అక్షరాలు అర్థం కావు. దానికి తెలిసినవి అంకెల రూపంలో ఉండే యంత్రాజ్ఞలు మాత్రమే. అక్షరాలను ఆ అంకెలుగా మార్చే ప్రోగ్రామే కంపైలర్.

రాతకూ యంత్రానికీ మధ్య ఈ దూరాన్ని కావాలనే పెట్టారు. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ 1972 ప్రాంతంలో సి భాషను రూపొందించాడు. 1973లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం గుండెకాయను ఆ భాషలోనే తిరగరాశారు. అంతకుముందు ఆపరేటింగ్ సిస్టంను ఎక్కువగా ఆయా యంత్రపు సొంత ఆజ్ఞల్లోనే రాసేవారు. యంత్రం మారితే మళ్లీ మొదటి నుంచి రాసుకోవాల్సిందే. సిలో రాస్తే రాత ఒకటే ఉంటుంది, ఏ యంత్రానికి కావాలంటే ఆ యంత్రపు కంపైలర్‌తో మార్చుకోవచ్చు. ఈనాడు ల్యాప్‌టాప్‌లో రాసిన హలో.సి ఫోన్‌లోనూ కంపైల్ అవుతుందంటే కారణం అదే.

కంపైల్ అయ్యాక వచ్చే ఫైల్ మాత్రం ఒక్కో వ్యవస్థకూ ఒక్కో రకం. విండోస్‌లో తయారైన ఎ.ఎక్స్ఇని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే అంతా పిచ్చిగీతల్లా ఉన్నా, మొట్టమొదటి రెండు అక్షరాలు స్పష్టంగా ఎం, జెడ్ అని కనిపిస్తాయి. డాస్ కాలంలో ఆ ఫైల్ రూపాన్ని తీర్చిదిద్దిన మైక్రోసాఫ్ట్ ఇంజనీరు మార్క్ జ్బికోవ్‌స్కీ పేరులోని పొడి అక్షరాలవి. లినక్స్ ప్రోగ్రాంలో మొదటి బైటు విలువ 127, ఆ వెనుకే ఈ, ఎల్, ఎఫ్ అనే మూడు అక్షరాలు. ఈ గుర్తులు చూసే ఆపరేటింగ్ సిస్టం ఇది తను నడపగలిగే ఫైలా కాదా అని తేల్చుకుంటుంది.

నీలితెర దాచిపెట్టినవి

బోర్లాండ్ కంపెనీ 1987లో టర్బో సి విడుదల చేసింది. రాసుకునే చోటు, కంపైలర్, లింకర్, తప్పులు చూపే కిటికీ అన్నీ ఒకే నీలితెరలో. ఆనాటికి అది గొప్ప సదుపాయం. భారతదేశంలో ఒక తరం మొత్తం సి నేర్చుకున్నది ఆ తెర మీదే. మన కాలేజీ ల్యాబుల్లో చాలాచోట్ల అది ఇప్పటికీ కనిపిస్తుంది. డాస్ కోసం చేసిన ఆ 16 బిట్ల ప్రోగ్రాం 64 బిట్ల విండోస్‌లో నేరుగా నడవదు కాబట్టి, డాస్‌బాక్స్ అనే మరో ప్రోగ్రాంలో కూర్చోబెట్టి నడుపుతున్నారు.

అన్నీ ఒకే చోట ఉండటం వల్ల ఏది ఎక్కడుందో విద్యార్థికి తెలియాల్సిన అవసరం రాలేదు. అవసరం వచ్చిన రోజున చిక్కు మొదలయ్యేది. సి డ్రైవ్‌లో ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా డి డ్రైవ్‌కు కాపీ చేసుకున్నవాళ్లకు, ఇన్‌క్లూడ్ ఫైల్ ఎస్‌టీడీఐఓ.హెచ్‌ను తెరవలేకపోతున్నానని ఎర్రర్ వచ్చేది. ఫైల్ ఫోల్డర్‌లోనే ఉంది. కానీ ఆప్షన్స్ మెనూలోని డైరెక్టరీస్ అనే పేజీలో పాత సి డ్రైవ్ చిరునామా అలాగే ఉండిపోయింది, కంపైలర్ అక్కడికే వెళ్లి చూసింది. ఆ పేజీలోని గళ్లలో కొత్త చిరునామా రాస్తే సరిపోయేదానికి, ఎంతమంది మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకున్నారో!

టర్బో సికి ఇక సెలవు చెప్పడమే మేలు. అందులో పూర్ణాంకానికి రెండు బైట్లే చోటు, 32,767 దాటితే విలువ మైనస్‌లోకి తిరిగిపోతుంది. నేటి జీసీసీలో నాలుగు బైట్లు. ఒకే ప్రోగ్రాం ల్యాబ్‌లో ఒక జవాబు, ఇంట్లో ఇంకో జవాబు ఇస్తే కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏది నమ్మాలి? సి భాషకు 1989లో ప్రామాణిక రూపం ఏర్పడింది. ఆ తర్వాత 1999, 2011, 2023 సంవత్సరాల పేరుతో కొత్త ప్రమాణాలూ వచ్చాయి. ఉచితంగా దొరికే కంపైలర్లు ఉండగా పిల్లలను ఆ తొలి రోజుల దగ్గరే ఆపడం న్యాయం కాదు.

ఒక్క ఆజ్ఞ వెనుక నాలుగు పనులు

రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో జీసీసీ తొలి రూపాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, మార్చుకునేలా విడుదల చేశాడు. విండోస్‌లో మింగ్‌డబ్ల్యూ పేరుతో దొరికేది దాని రూపమే. జీసీసీ హలో.సి అని కొట్టగానే ఒకదాని వెంట ఒకటిగా నాలుగు పనులు జరుగుతాయి.

ముందుగా ప్రీప్రాసెసర్ వస్తుంది. ఇన్‌క్లూడ్ అని రాసిన చోటల్లా ఆ ఫైల్‌ను తెచ్చి అక్కడే అతికిస్తుంది. అయిదు పంక్తుల హలో.సి ఈ దశ దాటేసరికి వందల పంక్తులవుతుంది. ఎస్‌టీడీఐఓ.హెచ్ పేరును కోణపు గుర్తుల మధ్య రాస్తే కంపైలర్ తన సొంత ఫోల్డర్లలో వెతుకుతుంది. జంట కొటేషన్ల మధ్య రాస్తే మొదట మన సి ఫైల్ ఉన్న ఫోల్డర్‌లో చూసి, అక్కడ లేకపోతేనే తన ఫోల్డర్లకు వెళుతుంది. సొంతంగా రాసుకున్న హెడర్ ఫైల్‌ను కోణపు గుర్తుల్లో పెట్టి, పక్కనే ఉన్నా దొరకలేదేమిటని తికమకపడేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంతే.

తర్వాత అసలు కంపైలర్ వ్యాకరణం సరిచూసి అసెంబ్లీ భాషలోకి మారుస్తుంది. సెమికోలన్ మర్చిపోతే పట్టుకునేది ఇదే. అసెంబ్లర్ దాన్ని అంకెలు చేస్తుంది. ఇక్కడితో పని పూర్తయిందనుకుంటే పొరపాటు. ప్రింట్‌ఎఫ్ అని మనం రాశాం గానీ తెర మీద అక్షరాలు వేసే ఆజ్ఞలు మన ఫైల్‌లో లేవు. ఎస్‌టీడీఐఓ.హెచ్‌లోనూ లేవు, అందులో ఉన్నది ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్ ఒకటుందనీ, దానికి ఏమేమి ఇవ్వాలనీ చెప్పే ప్రకటన మాత్రమే. అసలు సరుకు లైబ్రరీ ఫైల్‌లో ఉంటుంది. దాన్ని వెతికి తెచ్చి జోడించే నాలుగో పని లింకర్‌ది.

హెడర్ వేరు, లైబ్రరీ వేరు అన్న తేడా లినక్స్‌లో వర్గమూలం కట్టే ప్రోగ్రాం రాస్తే బాగా తెలుస్తుంది. మ్యాథ్.హెచ్‌ను చేర్చినా సరే, "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఎర్రర్ రావచ్చు. ప్రకటన దొరికింది, సరుకు దొరకలేదు. గణిత లైబ్రరీలో కూడా వెతకమని ఆజ్ఞ చివర మైనస్ ఎల్ఎం అని చేరిస్తే లింకర్ అక్కడికి వెళుతుంది. ఎర్రర్‌లో పంక్తి సంఖ్య ఉంటే చాలావరకు మన రాతలో తప్పు, అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటే లింకర్‌కు ఏదో దొరకలేదు. ఈ ఒక్క తేడా గుర్తుపడితే గంటల వెతుకులాట తప్పుతుంది.

ఈ దశలన్నీ కళ్లతో చూడాలంటే ఆజ్ఞకు సేవ్-టెంప్స్ అన్న మాట చేరిస్తే చాలు, నడుమ తయారైన ఫైళ్లన్నీ ఫోల్డర్‌లో మిగులుతాయి. ల్యాబ్ మొదటి రోజున పిల్లలకు చూపించాల్సిన ప్రయోగం ఇది.

జీసీసీ ఉంది, విండోస్‌కే తెలియదు

వీఎస్ కోడ్ ఇన్‌స్టాల్ చేసి, సి కోసం ఎక్స్‌టెన్షన్ కూడా వేసి, ఇక కంపైలర్ వచ్చేసిందనుకునేవాళ్లు ఎక్కువ. వీఎస్ కోడ్ రాసుకునే చోటు మాత్రమే. ఆ ఎక్స్‌టెన్షన్‌లోనూ కంపైలర్ ఉండదు, విడిగా తెచ్చుకోవాలి. కోడ్‌బ్లాక్స్ దించుకునే చోట కూడా పేరులో మింగ్‌డబ్ల్యూ ఉన్న పెద్ద ఫైల్‌లోనే కంపైలర్ వస్తుంది. చిన్నదని పక్క ఫైల్ తీసుకుంటే ఉత్త ఎడిటరే చేతికొస్తుంది.

ఎంఎస్‌వైఎస్2 అనే సాఫ్ట్‌వేర్ ద్వారా జీసీసీ తెచ్చుకున్నారనుకుందాం. అది సి డ్రైవ్‌లో ఎంసిస్64, అందులో యుసిఆర్‌టి64, అందులో బిన్ అనే ఫోల్డర్‌లో చేరుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో జీసీసీ అని కొట్టినప్పుడు విండోస్ ముందు తానున్న ఫోల్డర్‌లో చూస్తుంది. ఆ తర్వాత పాత్ అనే పేరుతో దాచుకున్న ఫోల్డర్ల జాబితా తీసి, అందులోని చోట్లను వరసగా చూస్తూ పోతుంది. ఎంసిస్64 చిరునామా ఆ జాబితాలో లేకపోతే దాని వైపు తొంగి కూడా చూడదు. అందుకే ఉన్న జీసీసీ లేనట్టు జవాబు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ అనే సెట్టింగ్‌లోకి వెళ్లి పాత్ జాబితాకు ఆ బిన్ ఫోల్డర్ చిరునామా చేర్చడమంటే, వెతకాల్సిన చోట్లలో మరొకటి కలపడమే.

చేర్చాక కూడా పాత ఎర్రరే వస్తే? అప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్‌లో ప్రయత్నించి ఉంటారు. ప్రతి ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు, తనను మొదలుపెట్టిన ప్రోగ్రాం నుంచి పాత్ జాబితా నకలు అందుకుంటుంది. తర్వాత సెట్టింగ్స్‌లో ఏం మార్చినా ఆ నకలు మారదు. వీఎస్ కోడ్ లోపలి టెర్మినల్ కూడా వీఎస్ కోడ్ దగ్గరున్న పాత నకలే తీసుకుంటుంది కాబట్టి, వీఎస్ కోడ్‌నే మూసి తెరవాలి.

జాబితాలో వరసకూ విలువుంది. పేరు కుదిరిన మొదటి ఫైల్ దగ్గరే వెతుకులాట ఆగిపోతుంది. ఎప్పుడో వేసిన పాత మింగ్‌డబ్ల్యూ జాబితాలో ముందుంటే, కొత్తది వేసినా పాతదే పలుకుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌లో వేర్ జీసీసీ అనీ, లినక్స్‌లో విచ్ జీసీసీ అనీ అడిగితే ఏ ఫోల్డర్‌లోనిది పలుకుతోందో చెప్పేస్తుంది.

లినక్స్‌ది ఇంకొక పద్ధతి. ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్ అనే ప్యాకేజీ వేస్తే జీసీసీ నేరుగా జాబితాలో ఉన్న ఫోల్డర్‌లోకే వెళుతుంది, కాబట్టి ఈ తంటా లేదు. కానీ తయారైన ఎ.అవుట్‌ను నడపాలంటే ముందు చుక్క, గీత పెట్టాలి. లినక్స్ ఆజ్ఞల కోసం తానున్న ఫోల్డర్‌లో వెతకదు. ఎవరైనా హాని చేసే ప్రోగ్రాంకు మామూలు ఆజ్ఞ పేరు పెట్టి ఆ ఫోల్డర్‌లో వదిలితే పొరపాటున అది నడవకూడదన్నది అందులోని జాగ్రత్త.

కంప్యూటర్ లేక ఫోన్‌లోనే నేర్చుకునేవాళ్లకూ దారి ఉంది. ఆండ్రాయిడ్‌లో టర్మక్స్ అనే యాప్‌లో క్లాంగ్ కంపైలర్ చక్కగా నడుస్తుంది. అక్కడ ఎదురయ్యే చిక్కూ చోటుదే. డౌన్‌లోడ్స్ ఉండే ఉమ్మడి స్టోరేజీలో కంపైల్ చేస్తే ఫైల్ తయారవుతుంది గానీ "పర్మిషన్ డినైడ్" అంటుంది. ఆ స్టోరేజీలోని ఏ ఫైల్‌నూ ప్రోగ్రాంగా నడపనివ్వదు ఆండ్రాయిడ్. టర్మక్స్ సొంత హోమ్ ఫోల్డర్‌లోకి మారి చేస్తే అదే ప్రోగ్రాం నడుస్తుంది.

బాక్స్: పేరు చివర దాగిన తోక

విండోస్ మామూలుగా ఫైల్ పేరులోని చివరి భాగాన్ని చూపించదు. నోట్‌ప్యాడ్‌లో రాసి హలో.సి అని సేవ్ చేస్తే అసలు పేరు హలో.సి.టిఎక్స్‌టి అయి ఉండవచ్చు. జీసీసీ ఫైల్ చివరి భాగాన్ని చూసే ఏ దశ నుంచి మొదలుపెట్టాలో నిర్ణయిస్తుంది. టిఎక్స్‌టి అని ఉంటే అది సి ఫైల్ కాదనుకుని నేరుగా లింకర్‌కు పంపేస్తుంది, ఫైల్ రూపం గుర్తుపట్టలేకపోతున్నానని లింకర్ మొరపెట్టుకుంటుంది. మార్క్స్.టిఎక్స్‌టి అని పేరు మార్చిన ఫైల్ నిజానికి మార్క్స్.టిఎక్స్‌టి.టిఎక్స్‌టి అయిపోవడమూ ఇలాగే. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లోని వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఎంచుకుంటే పూర్తి పేర్లు కనిపిస్తాయి. సి నేర్చుకునే కంప్యూటర్‌లో మొదట మార్చాల్సిన సెట్టింగ్ ఇదే.

ఎఫ్‌ఓపెన్ అడిగినప్పుడు ఏం జరుగుతుంది

ఏ ప్రోగ్రామూ డిస్క్‌ను నేరుగా ముట్టుకోలేదు. ముట్టుకోనిస్తే ఒకరి ప్రోగ్రాం ఇంకొకరి ఫైళ్లను చెరిపేయగలదు. ఎఫ్‌ఓపెన్ అని పిలిస్తే సి లైబ్రరీ ఆ కోరికను ఆపరేటింగ్ సిస్టంకు అందజేస్తుంది. ఆ పేరుతో ఫైల్ ఉందా, దాన్ని తెరిచే హక్కు ఈ ప్రోగ్రాంకు ఉందా అని అది చూస్తుంది. రెండూ ఉంటే తెరిచిన ఫైళ్ల పట్టికలో ఒక వరస కేటాయిస్తుంది. లినక్స్‌లో ఆ వరసకు ఒక సంఖ్య ఇస్తుంది. ప్రోగ్రాం మొదలయ్యేసరికే 0 కీబోర్డుకూ, 1 తెరకూ, 2 ఎర్రర్ సందేశాలకూ పోయి ఉంటాయి, అందువల్ల మనం తెరిచే మొదటి ఫైల్‌కు మామూలుగా 3 వస్తుంది. లైబ్రరీ ఆ సంఖ్యకు కొంత తాత్కాలిక నిల్వ చోటు జతచేసి మన చేతికి ఫైల్ పాయింటర్‌గా ఇస్తుంది. ఎక్కడ కుదరకపోయినా వచ్చేది నల్.

ఫైల్ పేరు ఒక్కటే ఇస్తే ఏ ఫోల్డర్‌లో చూడాలి? ఎడమకు తిరిగితే మూడో ఇల్లు అని ఎవరైనా దారి చెబితే, ఎక్కడ నిలబడి ఎడమకు తిరగాలో కూడా తెలియాలి. బస్టాండ్ దగ్గర నిలబడితే ఒక ఇల్లు, గుడి దగ్గర నిలబడితే మరో ఇల్లు. నడుస్తున్న ప్రతి ప్రోగ్రాంకూ అలా తాను నిలబడ్డ ఫోల్డర్ ఒకటుంటుంది. దాన్ని వర్కింగ్ డైరెక్టరీ అంటారు. సి ఫైల్ ఉన్న ఫోల్డరే అది కానక్కర్లేదు, ఎక్స్ఇ ఉన్న ఫోల్డర్ కూడా కానక్కర్లేదు. ప్రోగ్రాంను ఎవరు, ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్న దాన్నిబట్టి అది మారుతుంది.

కోడ్‌బ్లాక్స్ ప్రాజెక్టులో ఇది స్పష్టంగా బయటపడుతుంది. తయారైన ఎక్స్ఇ మామూలుగా ప్రాజెక్టు లోపలి బిన్, అందులోని డీబగ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. కోడ్‌బ్లాక్స్ లోంచి నడిపితే ప్రోగ్రాం ప్రాజెక్టు ఫోల్డర్‌లో నిలబడుతుంది, అక్కడున్న మార్క్స్.టిఎక్స్‌టి దొరుకుతుంది. అదే ఎక్స్ఇ మీద ఫోల్డర్‌లోకి వెళ్లి రెండుసార్లు నొక్కితే అది డీబగ్ ఫోల్డర్‌లో నిలబడి వెతుకుతుంది, ఫైల్ దొరకదు. ఒక్క అక్షరం మారని ప్రోగ్రాం నిమిషం తేడాలో రెండు రకాలుగా ప్రవర్తించిందంటే కంప్యూటర్ మీద నమ్మకం పోవడం సహజమే.

ప్రోగ్రాం ఎక్కడ నిలబడిందో తెలుసుకోవడానికి చాలా సులువైన ఉపాయం ఒకటుంది. ఎవరూ పెట్టని పేరు, ఇక్కడున్నా.టిఎక్స్‌టి లాంటిది, ఇచ్చి ఫైల్‌ను రాసే పద్ధతిలో తెరిచి మూసేయాలి. ఆ పేరుతో ఫైల్ లేదు కాబట్టి కొత్తది పుడుతుంది. అది ఏ ఫోల్డర్‌లో కనిపిస్తే ప్రోగ్రాం అక్కడ నిలబడినట్టు. మార్కుల ఫైల్‌ను తెచ్చి దాని పక్కన పెడితే పని అయిపోతుంది.

పూర్తి చిరునామా రాస్తే ఈ గొడవ ఉండదని కొందరంటారు. కొంతవరకు నిజమే. కానీ చాలా కంప్యూటర్లలో డెస్క్‌టాప్ అనేది యూజర్ పేరు కింద నేరుగా ఉండదు, వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్ లోపల ఉంటుంది. కంటికి తెర మీద కనిపిస్తుంది గానీ మనం ఊహించి రాసిన చిరునామాలో ఉండదు. పైగా అదే ప్రోగ్రాంను స్నేహితుడి కంప్యూటర్‌కు ఇస్తే అక్కడ యూజర్ పేరే వేరు.

నల్ వచ్చిందో లేదో చూడకుండా ముందుకు పోతే ప్రోగ్రాం చెప్పాపెట్టకుండా కూలిపోతుంది. చూసినా, "ఫైల్ తెరుచుకోలేదు" అని మన మాటల్లో రాస్తే కారణం తెలియదు. పీఎర్రర్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే ఆపరేటింగ్ సిస్టం చెప్పిన కారణమే తెర మీదికి వస్తుంది. అలాంటి ఫైల్ లేదంటే చోటు తప్పు లేదా పేరు తప్పు, పర్మిషన్ లేదంటే ఫైల్ దొరికింది గానీ హక్కు లేదు. ఈ ఒక్క పంక్తిని మొదటి రోజు నుంచే రాయించే ఉపాధ్యాయులు పిల్లలకు చేసే మేలు ఇంతా అంతా కాదు.

బాక్స్: వెనక్కి వాలిన గీత

విండోస్ చిరునామాల్లో ఫోల్డర్ల మధ్య వెనక్కి వాలిన గీత ( \ ) ఉంటుంది. సిలో ఆ గీతకు వేరే పని ఉంది. దాని పక్కన ఇంగ్లిష్ ఎన్ అక్షరం వస్తే కొత్త పంక్తి, టి వస్తే ట్యాబ్ ఖాళీ. న్యూ అనే ఫోల్డర్‌లోని టెస్ట్ అనే ఫైల్ చిరునామాను ఉన్నదున్నట్టు కొటేషన్లలో రాస్తే, ఆ రెండు పేర్లలోని మొదటి అక్షరాలు మాయమై వాటి స్థానంలో ఒక కొత్త పంక్తి, ఒక ట్యాబ్ చేరతాయి. అలాంటి పేరుతో ఫైల్ ఎక్కడా ఉండదు. గీతను రెండుసార్లు రాయాలి, లేదా ముందుకు వాలిన గీత ( / ) వాడాలి. ఎఫ్‌ఓపెన్‌కు ఇచ్చే చిరునామాలో విండోస్ రెండో రకాన్ని కూడా ఒప్పుకుంటుంది.

తెరవడంలోనే చెరిగిపోయే ఫైల్

ఎఫ్‌ఓపెన్‌కు పేరుతో పాటు ఎందుకు తెరుస్తున్నామో కూడా చెప్పాలి. ఆర్ అంటే చదవడానికి, ఏ అంటే చివర చేర్చడానికి. డబ్ల్యూ అంటే రాయడానికి, జాగ్రత్త అవసరమైనది ఇక్కడే. డబ్ల్యూతో తెరిచిన క్షణంలోనే పాత ఫైల్‌లో ఉన్నదంతా పోతుంది, ఒక్క అక్షరం రాయకపోయినా సరే. రాత్రంతా టైపు చేసిన సమాచారం ఒక్క అక్షరం తేడాతో పోయిన విద్యార్థులు ప్రతి ల్యాబ్‌లోనూ ఉంటారు. 2011 ప్రమాణంలో ఇందుకు విరుగుడు వచ్చింది. డబ్ల్యూ పక్కన ఎక్స్ చేరిస్తే, ఆ పేరుతో ఫైల్ ముందే ఉంటే తెరవకుండా నల్ ఇస్తుంది.

ఇవి కాక బి అని మరో అక్షరం ఉంది. లినక్స్‌లో అది ఉన్నా లేకపోయినా ఒకటే, విండోస్‌లో కాదు. విండోస్ టెక్స్ట్ ఫైళ్లలో పంక్తి చివర రెండు బైట్లు ఉంటాయి, లినక్స్‌లో ఒకటే. మామూలుగా తెరిస్తే విండోస్ సి లైబ్రరీ చదివేటప్పుడు రెండింటిని ఒకటి చేసి, రాసేటప్పుడు ఒకదాన్ని రెండు చేస్తుంది. అంతేకాదు, 26 విలువ గల బైటు తగిలితే ఫైల్ అయిపోయిందనుకుంటుంది. ఇది సీపీ/ఎం అనే పాత ఆపరేటింగ్ సిస్టం నుంచి వచ్చిన వారసత్వం. అది ఫైల్ పొడవును 128 బైట్ల ముక్కల్లోనే లెక్కపెట్టేది, చివరి ముక్కలో అసలు రాత ఎక్కడ ముగిసిందో తెలియడానికి ఆ 26ను గుర్తుగా పెట్టేవారు. ఫొటో ఫైల్‌లో 26 ఎక్కడైనా రావచ్చు. బి లేకుండా తెరిచి కాపీ చేస్తే సగంలోనే ఆగిపోయిన ఫొటో చేతికొస్తుంది.

రాసినవి వెంటనే డిస్క్‌కు చేరవన్నది కూడా తెలిసి ఉండాలి. ఒక్కో అక్షరానికీ ఆపరేటింగ్ సిస్టంను పిలిస్తే ఆలస్యమని, లైబ్రరీ కొంత పోగయ్యేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. ఎఫ్‌క్లోజ్ పిలిస్తే మిగిలింది పంపిస్తుంది. అది పిలవకముందే ప్రోగ్రాం కూలిపోతే ఫైల్ పుట్టి ఉంటుంది, లోపల ఏమీ ఉండకపోవచ్చు.

తెలుగు పేర్లు చదివేటప్పుడు

మార్కుల ఫైల్‌లో పేర్లు తెలుగులో రాస్తే? సి బైట్లను చదువుతుంది, అక్షరాలను కాదు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు, తెలుగు గుర్తుకు మూడు. "తెలుగు" అన్న మాటలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము కలిపి ఆరు గుర్తులు, మొత్తం 18 బైట్లు. అందులో త ఒక్కటీ 224, 176, 164 అనే మూడు సంఖ్యలు. పొడవు చెప్పమని ఎస్‌టీఆర్‌లెన్‌ను అడిగితే 18 అనే అంటుంది.

ఇందులో ఇంకో మడత ఉంది. ఎఫ్‌గెట్‌సి ఒక్కో బైటును చదివి పూర్ణాంకంగా ఇస్తుంది, ఫైల్ అయిపోతే మామూలుగా మైనస్ 1 ఇస్తుంది. ఆ జవాబును చాలామంది క్యార్ రకం చలరాశిలో పెడతారు. మామూలు ల్యాప్‌టాప్ ప్రాసెసర్ మీద జీసీసీ క్యార్‌కు మైనస్ విలువలు కూడా ఉంటాయనుకుంటుంది, ప్రోగ్రాం పైకి బాగానే నడుస్తుంది. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్యార్‌కు మైనస్ విలువలు లేవు. మైనస్ 1 అక్కడ 255గా మారిపోతుంది, ముగింపు ఎప్పటికీ గుర్తుపట్టలేక లూపు తిరుగుతూనే ఉంటుంది. చలరాశిని ఇంట్ అని ప్రకటిస్తే రెండు చోట్లా సరిగ్గా ఆగుతుంది.

పంక్తి మొత్తం చదివే ఎఫ్‌గెట్స్‌కు 20 బైట్ల చోటు ఇస్తే అది 19 బైట్లే చదువుతుంది. ఆరు తెలుగు గుర్తులకు 18 పోగా, ఏడో గుర్తులో మూడోవంతు మాత్రమే లోపలికి వస్తుంది. ఆ ముక్కను విడిగా తెర మీద చూపిస్తే చివర నల్లటి డైమండ్ గుర్తులో ప్రశ్నార్థకం పడవచ్చు. సాఫ్ట్‌వేర్ లాంటి మాటల్లో పొల్లు పక్కన కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఉంటుంది, దానికీ మూడు బైట్లే. వత్తులు, గుణింతాలు, ఆ కనిపించని గుర్తులు అన్నీ కలిపి 40 దాకా ఉండే పేరు చదవాలంటే 122 బైట్ల చోటు కేటాయించాలి: గుర్తులకు 120, పంక్తి చివరికి ఒకటి, ప్రతి మాట చివరా సి పెట్టుకునే సున్నాకు ఒకటి.